తాత్పర్యము లేని లోకజ్ఞానము

హైదరాబాదు అశోక్‌నగర్ సందులలో గాని, చిక్కడపల్లి గ్రంథాలయపు ఆవరణలో గాని, విజయవాడ, తిరుపతి, విశాఖపట్టణములందలి కోచింగు కేంద్రముల చుట్టును వెలసిన అద్దెగదులలో గాని, తెల్లవారినది మొదలు రాత్రి చాల ప్రొద్దుపోవు వఱకు పుస్తకము మీదినుండి తల యెత్తక చదువుకొనుచుండు యువతీయువకులను చూచినప్పుడు వారి పట్టుదలయెడ గౌరవము కలుగనివాడుండడు. పొలము తాకట్టు పెట్టి కొడుకును పంపిన తండ్రియో, మెడలోని గొలుసు అమ్మి కూతురి ఫీజు కట్టిన తల్లియో ఆ చదువు వెనుక నుందురు. నోటిఫికేషను వెలువడునా, వెలువడినను పరీక్ష జరుగునా, జరిగినను ఫలితములు వచ్చునా యను సందేహముల నడుమ ఏండ్లకేండ్లుగా ఆ బిడ్డలు కంఠస్థము చేయుచున్న విద్యకు వారి వాడుకలో "జీకే" యని పేరు. చరిత్రము, క్రీడలు, విజ్ఞానశాస్త్రము, ప్రసిద్ధులైన స్త్రీపురుషులు, నదులు, పర్వతములు, పురస్కారములు, సమస్తమును అందులో ఇమిడియున్నవి.

ఆ పుస్తకములను నేను తిరస్కారభావముతో తెరచినవాడను కాను. నేర్చుకొనవలెనను కోరికతోనే చదివితిని. వానిలో అసత్యములు తక్కువయేనని చెప్పగలను. అయినను ఎంత విషయమునైనను ఒక్క పంక్తిలోనికి కుదించి, దానికొక జవాబును అతికించి, వేలకొలది బిట్లుగా పేర్చుట వానియందలి పద్ధతి. మలేరియా దోమ: రోనాల్డ్ రాస్, సికింద్రాబాదు, 1897. హీలియము: జాన్సెన్, గుంటూరు, 1868. మోటుపల్లి అభయశాసనము: గణపతిదేవుడు, 1244. భారత టెస్టు జట్టు తొలి నాయకుడు: సి.కె. నాయుడు, 1932. ఈ తీరున పుటలకు పుటలు సాగిపోవును. "మొట్టమొదటి" యని, "అతి పెద్ద" యని, "ఎవరు" అని, "ఏ సంవత్సరము" అని యడుగుటయే గాని "ఎట్లు" అనియు "ఏల" అనియు అడిగిన ప్రశ్న కనబడుట మిక్కిలి అరుదు. ఒక సంగతి ఎట్లు జరిగినదో, ఎట్లు తెలియవచ్చినదో, దానిని నమ్ముటకు ఆధారమేమో ఎఱుగనీయక, దాని పేరును తేదీని మాత్రము మోయించి విద్యార్థికి మనము అన్యాయము చేయుచున్నామని నా దృఢమైన అభిప్రాయము. ఆ యన్యాయమునకు బాధ్యులు చదువుకొనువారు కారు. ప్రశ్నపత్రములు కూర్చువారును, పాఠములు చెప్పువారును, అట్టి పుస్తకములు అచ్చువేయువారును బాధ్యులు.

కంఠస్థము చేయుటను నేను నిందించుట లేదు. అష్టావధానమును శతావధానమును పెంపొందించి, నిండుసభలో ధారణను పరీక్షకు నిలిపిన భాష మనది. వీథిబడిలో నేర్చిన సుమతి, వేమన పద్యములు ఎనుబదియేండ్ల వృద్ధుల నోట నేటికిని తడబాటు లేక వెలువడుచుండుట మనము వినుచునేయున్నాము. కాని ఆ బడిలో పంతులుగారు పద్యము అప్పజెప్పగానే శిష్యుని విడిచిపెట్టెడివారు కారు. ప్రతిపదార్థము చెప్పుమనెడివారు, అన్వయము చూపుమనెడివారు, తుదకు తాత్పర్యము చెప్పించిగాని కూర్చుండనిచ్చెడివారు కారు. పద్యమునకు మనమిచ్చిన ఈ మర్యాదను లోకజ్ఞానమునకు ఏల యియ్యకున్నాము? బిట్టును పద్యమువలె కంఠస్థము చేయవచ్చును. దానికిని తాత్పర్యము కలదు. ఆ తాత్పర్యమున ఎంత సంపద యున్నదో తెలియుటకు, ప్రతి బిట్ బ్యాంకులోను కనబడు ఈ పంక్తులనే తీసికొని విప్పి చూతము.

1868వ సంవత్సరము ఆగస్టు 18వ తేదీన సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ తెలుగుసీమ మీదుగా సాగిపోయెను. సముద్రములు దాటి పరాసు దేశమునుండి వచ్చిన పియర్ జాన్సెన్ గుంటూరున తన దూరదర్శినికి వర్ణపటదర్శినిని అమర్చుకొని కాచుకొనియుండెను; ఇంగ్లీషువారి పక్షమున మేజర్ టెన్నెంటు తన బృందముతో ఆ పట్టణముననే విడిసెను; మదరాసు నక్షత్రశాలాధికారి నార్మన్ పాగ్సన్ మచిలీపట్టణమున నిలిచెను; ఆ నక్షత్రశాలలోనే పనిచేయుచు, అంతకు ముందటి సంవత్సరముననే వెలుగు మాఱుచుండు నక్షత్రమొకదానిని కనుగొనిన చింతామణి రఘునాథాచార్యులు నిజాము రాజ్యములోని వనపర్తికి వెళ్ళెను. ఒక్క గ్రహణమునకు గుంటూరు, బందరు, వనపర్తి మూడును వేధశాలలైన ఆ దినము మన పాఠ్యపుస్తకములలో ఒక నిండుపుటకు తగినది.

చంద్రబింబము సూర్యబింబమును పూర్తిగా కప్పివేసిన ఆ కొలది నిమిషములలో నల్లని బింబపు అంచున ఎఱ్ఱని జ్వాలలు కనబడెను. ఆ జ్వాలలు ఏ పదార్థముతో నైనవో ఎవరికిని నిశ్చయముగ తెలియదు. అంతకు ఎనిమిది తొమ్మిదేండ్ల క్రిందట జర్మనీలో కిర్ఖాఫ్, బున్సెన్ అనువారు, ప్రతి మూలకమును వేడిమిచే ప్రకాశించునప్పుడు తనవేయైన వన్నెగీతలను చూపునని నిరూపించియుండుటచేత, ఆ జ్వాలల వెలుగును విడదీసి చూచినచో రహస్యము బయటపడునని విద్వాంసులు ఎదురుచూచుచుండిరి. విడదీసి చూడగా ఆ వెలుగు అఖండమైన ఇంద్రధనుస్సుగా గాక విడివిడి ప్రకాశగీతలుగా కనబడెను. దానితో అవి వాయురాశులనియు, వానిలో ముఖ్యమైనది హైడ్రోజన్ అనియు తేలిపోయెను. ఆ గీతలు ఎంత కాంతివంతములై యుండెననగా, గ్రహణము లేకున్నను వీనిని చూడవచ్చునని జాన్సెనునకు తోచెను. మఱునాటి యుదయము ఆయన అట్లే చూచెను. ఏండ్లు నిరీక్షించి నిమిషములలో ముగించుకొనవలసిన పనిని ఇక ఎండ కాయు ఏ దినముననైనను చేయవచ్చునని తేల్చుటయే గుంటూరున జరిగిన ఘనకార్యము. రెండు నెలల పిమ్మట ఇంగ్లండున నార్మన్ లాకియర్, జాన్సెన్ సంగతి యెఱుగకయే, స్వంత యుపాయముతో ఆ జ్వాలలను పట్టపగలు చూచెను. ఇరువురి వార్తలును పారిస్ విద్వత్పరిషత్తునకు ఒకే దినమున చేరెను. ఇరువురి ముఖములను ముద్రించిన పతకమొకటి పరాసు దేశమున వెలువడెను.

మఱి హీలియము సంగతి యేమి? ఆ గీతలలో పసుపువన్నె గీత యొకటి, సోడియము గీతల జంటకు మిక్కిలి చేరువగా నుండియు వానితో కలియక నిలిచియుండెను. గ్రహణదినమున దానిని చూచినవారిలో క్రొత్త మూలకము మాట తలపెట్టినవారు లేరు. అది భూమిమీద ఎవరును ఎఱుగని మూలకమని పిమ్మట వాదించి, గ్రీకుభాషలోని సూర్యుని పేరును దానికి పెట్టినవాడు లాకియర్. రసాయనశాస్త్రజ్ఞులనేకులు నమ్మలేదు, నమ్మకుండుట వారి తప్పును కాదు, చేతికందిన పదార్థము లేదు గనుక. 1895లో లండనున విలియం రామ్సే, క్లీవైట్ అను యురేనియపు ఖనిజమును ఆమ్లముతో కలిపి, వెలువడిన వాయువును పరీక్షింపగా ఆ పసుపుగీతయే ప్రత్యక్షమయ్యెను. సూర్యునియందు కనబడిన ఇరువదియేడేండ్లకు ఆ మూలకము భూమిమీద దొరికెను. "హీలియము గుంటూరులో కనుగొనబడెను" అని నేర్చిన విద్యార్థి సత్యములో మొదటి భాగమును మాత్రమే నేర్చినాడు. సందేహించుట, వాదించుట, రుజువు దొరకువఱకు వేచియుండుట అనెడి శాస్త్రధర్మమంతయు అతనికి దక్కక పోయినది.

సికింద్రాబాదు సంగతి నాకు ఇంతకంటెను హృదయంగమముగ తోచును. సైనిక వైద్యాధికారియైన రోనాల్డ్ రాస్, లండనులోని పాట్రిక్ మాన్సన్ ప్రోత్సాహముతో, చలిజ్వరపు క్రిమి దోమ దేహమున పెరుగునేమోయను ఊహను పట్టుకొని రెండేండ్లు దోమలను కోసి చూచెను. ఏ జాతి దోమను కోయవలెనో ఆయన ఎఱుగడు. జాతులను గుర్తించుటకు తగిన గ్రంథములు ఆయనకు అందుబాటున లేవు. కోసినవి చాలవఱకు ఆ క్రిమి పెరుగని జాతివే యగుటచేత శ్రమ వ్యర్థమగుచుండెను. 1897 ఆగస్టు మాసమున రెక్కలమీద మచ్చలు గల దోమలు కొన్ని చేజిక్కెను. హుస్సేన్‌ఖాన్ అను జ్వరరోగిని వానిచే కుట్టించి, దోమకొక అణా చొప్పున అతనికి చెల్లించి, ఆ దోమలను భద్రపఱచి, కొన్ని దినముల కొకసారి కోయసాగెను. ఆ యుక్కలో పంకా వేయించుకొనుటకు వీలులేదు, గాలికి దోమలు ఎగిరిపోవును. నుదుటినుండి కారిన చెమటకు సూక్ష్మదర్శిని మరలు త్రుప్పుపట్టెను.

ఆగస్టు 20వ తేదీన, మిగిలిన రెండు దోమలలో నొకదాని కడుపుగోడను ఓపికతో పరిశీలించుచుండగా, గుండ్రని కణములు కొన్నియు, వానిలో నల్లని రేణువులును కనబడెను. ఆ నల్లరేణువులను చూచి ఆయన యేల పరవశించెను? చలిజ్వరరోగి నెత్తుటిలోని క్రిమి దేహమున కనబడు నల్లని రేణువులు సరిగా అట్టివే. అంతకు ముందు ఎన్నో దోమలను కోసియు అట్టివానిని చూడనివాడు గనుక, అవి దోమకు సహజమైనవి కావని ఆయన కెఱుక. మఱునాడు కడపటి దోమను కోసి చూడగా ఆ కణములు ముందటి దినముకంటె పెద్దవై యుండెను. పెరుగుచున్నది గనుక అది ప్రాణి. దోమ కడుపున పెరుగుచున్నది గనుక దోమయే దాని నివాసము. ప్రపంచమంతటను ఆగస్టు 20వ తేదీని దోమల దినముగ పాటించుచున్నారు. నాకు మాత్రము ఊహను రూఢి చేసిన ఆ మఱునాడు గూడ అంతే గొప్పదిగ కనబడును. అది ఏ బిట్టులోను లేదు.

కొలది వారములలోనే ప్రభుత్వమువారు ఆయనను రాజపుటానాలోని ఖేర్వారాకు బదిలీ చేయుటతో పని నిలిచిపోయెను. 1898లో కలకత్తా చేరి, మనుష్యులకు బదులుగ పక్షుల చలిజ్వరమును తీసికొని, ముహమ్మద్ బక్ష్ అను సహాయకుని తోడ్పాటుతో, క్రిమి దోమ కడుపునుండి లాలాజలగ్రంథులకు చేరి కాటుద్వారా మఱియొక పక్షికి సంక్రమించుటను ఆయన నిరూపించెను. మనుష్యుల విషయమున అనాఫిలిస్ దోమ పాత్రను స్థాపించినవారు ఇటలీలోని గ్రాస్సీ మొదలగువారు. 1902లో రాస్‌కు నోబెల్ బహుమానము లభించెను. బేగంపేటలో ఆయన పనిచేసిన భవనము ఉస్మానియా విశ్వవిద్యాలయపు ఆధీనమున ఆయన పేరనే నిలిచియున్నది. నేడు గ్రూపు పరీక్ష వ్రాయుచున్న యువకుడు రేపు ఏజెన్సీ ప్రాంతమున తహసీలుదారు కావచ్చును, పట్టణమున మునిసిపల్ కమిషనరు కావచ్చును. వానలు పడి జ్వరములు వ్యాపించిన కాలమున "సికింద్రాబాదు, 1897" అను రెండు మాటలు ఆయనకు ఏమి సాయము చేయును? రాస్ పనిని పనిగా తెలిసికొన్న అధికారి, ఫాగింగు యంత్రమును వీథులలో త్రిప్పించి తృప్తిపడక, ఏ దోమ ఏ నీటిలో పుట్టుచున్నదో, ఆ నీరు ఎచట నిలిచియున్నదో విచారించును.

చరిత్రవిషయములకును ఇదియే గతి. మోటుపల్లి శాసనము గణపతిదేవునిదని నేర్చినవాడు ఆ అభయము ఎవరికో, దేనినుండియో చెప్పజాలకున్నాడు. పెనుగాలికి చిక్కి, చేరవలసిన రేవు తప్పి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను పూర్వపు రాజులు బలాత్కారముగ లాగికొనెడివారు. గణపతిదేవుడు, ప్రాణములకు తెగించి సముద్రము దాటి వచ్చు వర్తకులయెడ దయచేత, నిర్ణీతమైన సుంకము తప్ప మఱేమియు గైకొననని శిలాస్తంభముమీద చెక్కించెను. ఆ సుంకము ముప్పదింట నొకవంతు. చందనము, కర్పూరము, ముత్యములు మొదలగు వానికి విడివిడిగ సుంకములు అందు వ్రాయబడియున్నవి. తరువాతి అర్ధశతాబ్దిలో వెనిసు వర్తకుడు మార్కో పోలో ఈ రాజ్యమును వర్ణించుచు ఇచటి వజ్రములను, సన్నని వస్త్రములను కొనియాడెను. కాకతీయుల వైభవమని మనము సామాన్యముగ చెప్పుకొనుదానికి ఆధారమైన ఆర్థికనీతి ఆ యొక్క స్తంభముమీద నున్నది; సంవత్సరసంఖ్య దానియందలి అత్యల్పభాగము.

క్రీడల విషయమున "తొలి" యను మాటకు మనవారికి ప్రీతి ఎక్కువ. ఆ తొలి యడుగు ఎట్టి పరిస్థితులలో పడినదో తెలిసికొనిన ఆ ప్రీతి సార్థకమగును. నాగపురమున తెలుగు కుటుంబమున జన్మించిన కొట్టారి కనకయ్య నాయుడు 1926 డిసెంబరులో బొంబాయి జింఖానా మైదానమున, ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై రెండు గంటల లోపలనే 153 పరుగులు చేసెను. అందు పదునొకండు సిక్సర్లు. భారతీయులు టెస్టు క్రికెట్టునకు తగుదురని ఇంగ్లీషువారికి నమ్మకము కలిగించిన ఆటలలో అది ప్రధానమైనది. 1932లో జట్టు ఇంగ్లండునకు వెళ్ళినప్పుడు నాయకత్వము పోర్‌బందరు మహారాజుది. ఆటలో తనకంటె సమర్థులు కలరని గ్రహించి ఆయన ప్రక్కకు తొలగెను. ఉపనాయకుడైన లింబ్డీ యువరాజు గాయపడెను. రాజులకే దక్కుచుండిన పదవి ఆ విధమున, జూన్ 25వ తేదీన లార్డ్స్ మైదానమున, రాజవంశీయుడు కాని నాయునికి సంక్రమించెను. మహమ్మద్ నిస్సార్ బంతుల వేగమునకు రెండు వికెట్లు పడగా, ఇంగ్లండు 19 పరుగులకే మొత్తము మూడు వికెట్లు కోల్పోయెను. చేతికి గాయమైనను నాయుడు మొదటి ఇన్నింగ్సులో 40 పరుగులు చేసి తన జట్టున మిన్నగ నిలిచెను. మనము 158 పరుగులతో ఓడితిమి. ఆ యోటమిలోని గౌరవము ఒక పేరుగను ఒక సంవత్సరముగను కుదింప వీలుకానిది. శ్రీకాకుళము జిల్లా ఆడపడుచు కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్సులో స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్యము గెలిచి, ఒలింపిక్ పతకమందిన తొలి భారతమహిళ యయ్యెనని అందఱును చదువుదురు. స్త్రీల బరువులెత్తు పోటీ ఒలింపిక్సులో ప్రవేశించినదే ఆ యేడని, తొలిసారి తెరచిన వాకిటనే ఆమె ప్రవేశించెనని చెప్పువారు కొలదిమంది.

ఎల్లాప్రగడ సుబ్బారావు విషయమున మాత్రము నాకు బాధ ఎక్కువ. "ఆరియోమైసిన్ కనుగొన్న తెలుగువాడు" అను పంక్తి ఆయనకు చేయు గౌరవముకంటె కలిగించు లోపమే హెచ్చు. ఆరియోమైసినును మట్టిలోని సూక్ష్మజీవినుండి వెలికి తీసినవాడు బెంజమిన్ డగ్గర్ అను వయోవృద్ధుడైన వృక్షశాస్త్రజ్ఞుడు. ఆ కృషి జరిగిన లెడర్లే సంస్థలో పరిశోధనలకు అధిపతి సుబ్బారావు. ఆయన స్వహస్తములతో సాధించిన ఘనకార్యము అంతకు ఇరువది యేండ్ల పూర్వమే హార్వర్డున జరిగెను. సైరస్ ఫిస్కేతో కూడి దేహద్రవములలోని భాస్వరమును కొలుచు పద్ధతిని 1925లో ఆయన ప్రకటించెను. చూచుటకు చిన్నపని, ఆ కొలత చేతనుండుటవలననే కండరములో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమున్నదని 1927లో, ఏ.టి.పి. యున్నదని 1929లో తేలెను. లాక్టిక్ ఆమ్లమే కండరశక్తికి మూలమని పండితలోకము నమ్మియున్న కాలమది. అదే యేట జర్మనీలో లోమాన్ గూడ ఏ.టి.పి.ని కనుగొనెను, ప్రాణులు తమ శక్తిని వ్యయపఱచు నాణెము ఆ పదార్థమేయని పిమ్మట లోకమెఱిగెను.

ఆయన జీవితము ఆయన పరిశోధనకు వ్యాఖ్యానము వంటిది. 1895లో భీమవరమున పుట్టిన ఆ బాలుడు మెట్రిక్యులేషను మూడవ యత్నమున గాని గట్టెక్కలేదు. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆచార్యుని ఆగ్రహమునకు గురియై ఎం.బి.బి.ఎస్‌.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనెను. ఇరువురు సోదరులు స్ప్రూ అను జీర్ణకోశవ్యాధికి బలియైరి. ఆయనయు ఆ వ్యాధిచే మంచము పట్టి, డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే కోలుకొనెను. పిమ్మట అమెరికా చేరిన ఆయన, ఇరువది యేండ్లు గడచిన పిమ్మట, తన బృందముచే ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారు చేయించి స్ప్రూకు మందు చూపెను. ఆ యామ్లమునకు ప్రతికూలముగ పనిచేయు రసాయనములను బోస్టనులోని సిడ్నీ ఫార్బర్‌కు పంపగా, రక్తక్యాన్సరు సోకిన పసిబిడ్డలలో కొందఱికి కొంతకాలమైనను వ్యాధి వెనుదిరుగుట వైద్యచరిత్రలో మొదటిసారి కానవచ్చెను. ఆ కుటుంబమునకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని వైద్యులు వ్రాయుచున్న మందు. బోదకాలు నివారణకై మన యూళ్ళలో ఇంటింటికి పంచిన డీఈసీ మాత్రయు ఆ పరిశోధనశాలనుండి వచ్చినదే. 1948 ఆగస్టులో ఆయన కన్నుమూసెను. బాలునికి జ్ఞాపకముండవలసినది ఇదంతయు. కనీసము అన్నదమ్ముల మరణమునకును, ఫోలిక్ ఆమ్లమునకును నడుమ గల సంబంధము.

ఇచట లక్ష్మీపతిగారి పేరు వచ్చినది గనుక ఒక మాట. సుబ్బారావును బ్రతికించిన ఆ వైద్యుడే విజ్ఞానచంద్రికా మండలికి శాస్త్రగ్రంథములు వ్రాసినవారిలో నొకడు. 1906లో హైదరాబాదున కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు ఆ మండలిని స్థాపించినది లోకజ్ఞానమును తెలుగువారికి తెలుగులో నందించుటకే. వారి మొదటి ప్రచురణము గాడిచర్ల హరిసర్వోత్తమరావు రచించిన అబ్రహాము లింకను చరిత్రము. పిమ్మట చరిత్రములు, పదార్థవిజ్ఞానము, జీవశాస్త్రము, వైద్యము అను వరుసను గ్రంథములు వెలువడెను. లక్ష్మణరావు అంతటితో తృప్తిపడక ఆంధ్రవిజ్ఞానసర్వస్వమునకు పూనుకొని, మూడు సంపుటములు వెలువరించి, అకారాది విషయములైనను పూర్తి కాకమునుపే 1923లో దివంగతుడయ్యెను. ఆ సంపుటములలో ప్రతి విషయమునకును పూర్వాపరములతో కూడిన వ్యాసము కలదు. ఇంటింట విద్యుద్దీపములు లేని కాలమున, అచ్చుయంత్రములు అరుదైన కాలమున, చదువరుల సంఖ్య స్వల్పమైన కాలమున మన పెద్దలు లోకజ్ఞానమును అంత నిండుగ నందింపగోరిరి. సమస్త సాధనములు సమకూరిన నేడు మనము దానిని పంక్తులకు దిగజార్చితిమి. ఇది క్షమింపరాని విషయము.

లక్షలమంది వ్రాయు పరీక్షలో ఓఎంఆర్ పత్రము, నాలుగింట నొక జవాబు తప్ప వేఱు మార్గము లేదని అధికారులు చెప్పుదురు. ఆ మాటలో న్యాయము కలదు. మనిషి దిద్దినచో పక్షపాతమను ఆరోపణలు, కోర్టు వ్యాజ్యములు, ఏండ్ల జాప్యము తప్పవు, ఆ కష్టమును మోయువారు మరల ఆ నిరుద్యోగ యువకులే. కాని నాలుగింట నొకటి ఎన్నుకొను పద్ధతిలోనే కారణమును అడుగవచ్చును. "రాస్ ఏ నగరమున దోమలో క్రిమిని చూచెను?" అనుటకు మాఱుగ, "దోమ కడుపున నల్లని రేణువులను చూచి అది చలిజ్వరపు క్రిమియని రాస్ ఏల నిశ్చయించెను?" అని యడిగి నాలుగు జవాబులు ఇచ్చిన, యంత్రము దానిని సైతము అంతే నిష్పక్షపాతముగ దిద్దును. మోటుపల్లి శాసనము ఏ రాజుదని యడుగుటకు మాఱుగ, అది వర్తకులకు ఏ భయమును తొలగించెనని యడుగవచ్చును. అట్టి ప్రశ్న ఒక్కటి పరీక్షలో వచ్చినచో మఱుసటి నెలలోనే కోచింగు కేంద్రములు దానిని బోధింపసాగును, గైడ్లు దానిని ముద్రింపసాగును. ఏది అడుగబడునో అదే చదువబడును. కావున మార్పు పైనుండియే రావలెను.

ప్రశ్నలు కూర్చు పండితులు తాము చదివిన గ్రంథములను మరల తెరచి, కూర్చు ప్రతి ప్రశ్న వెనుక నున్న కథను తామెఱుగుదుమా యని యోచింపవలెను. పుస్తకములు అచ్చువేయువారు నూఱు బిట్లు తగ్గించి, మిగిలిన వానిలో ముఖ్యమైన వాని క్రింద నాలుగేసి వాక్యముల వివరణము చేర్చవలెను. పుస్తకము లావగునను భయము వలదు, చదువరికి గుర్తుండునది హెచ్చగును. బడిపంతుళ్ళు క్విజ్ పోటీలలో జవాబు చెప్పిన పిల్లవానికి సగము మార్కులే యిచ్చి, అది ఎట్లు తెలియవచ్చినదో చెప్పినప్పుడు మిగిలిన సగము ఇయ్యవలెను. తల్లిదండ్రులకు నా విన్నపము మఱింత చిన్నది: బిడ్డ ఒక పేరును ఒక సంవత్సరమును గడగడ చదివినప్పుడు మెచ్చుకొని ఊరకుండక, "అది వారికెట్లు తెలిసినది నాయనా?" అని ఒక్క ప్రశ్న అడుగుడు, బిడ్డకు తెలియకున్న ఇద్దఱును కలిసి వెదకుడు. ఇరు రాష్ట్రముల సర్వీసు కమిషన్ల పెద్దలను మాత్రము పత్రికాముఖమున బహిరంగముగనే కోరుచున్నాను: రాబోవు నోటిఫికేషను క్రింద జరుగు జనరల్ స్టడీస్ పత్రములో పదింట నొకవంతు ప్రశ్నలనైనను "ఎట్లు", "ఏల" అను వానికి కేటాయింపుడు, ఆ సంగతిని సిలబసులోనే ముందుగ ప్రకటింపుడు.